కొత్త ఆటోమేటిక్ కారులో పొద్దుటి వణుకు, గేరు కుదుపు: ఏది సహజం, ఏది లోపం?

కాణిపాకంలో పూజ చేయించి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చిన కారు మర్నాడు పొద్దున స్టార్ట్ చేయగానే స్టీరింగ్ సన్నగా వణికితే ఆ ఇంట్లో ఎవరికీ మనసు నిలవదు. ఈఎంఐ మొదటి కంతు కూడా ఇంకా కట్టి ఉండరు. అదే రోజు తిరుచానూరు రోడ్డు ట్రాఫిక్‌లో ఒకటో గేరు నుంచి రెండో గేరుకు మారేటప్పుడు తల ముందుకు తూలుతుంది. షోరూముకు ఫోన్ చేస్తే "అది నార్మలే సార్, వెయ్యి కిలోమీటర్లు తిరిగితే అదే సర్దుకుంటుంది" అంటారు. తెలిసిన మెకానిక్‌ని అడిగితే "మౌంటింగ్ పోయుంటాదన్నా, మార్పించుకో" అంటాడు. ఇద్దరూ బండిని చూడకుండానే చెప్పారు.

వాళ్లలో ఎవరి మాట నిజమో తేల్చడానికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. వణుకు ఎప్పుడు మొదలవుతోంది, ఏం చేస్తే మారుతోంది, ఎప్పుడు ఆగిపోతోంది అన్నవి గమనిస్తే సగం రోగం తెలిసిపోతుంది. ఎంత గట్టిగా వణుకుతోంది అన్నదాని కంటే ఈ మూడే ఎక్కువ చెబుతాయి. ఎందుకో అర్థం కావాలంటే ముందు ఇంజిన్ పొద్దున్నే ఏం చేస్తుందో చూడాలి.

తిరుపతిలో కూడా ఇంజిన్‌కు చలే

"మన ఊళ్లో చలి ఎక్కడుంది, కోల్డ్ స్టార్ట్ అనడానికి?" అని చాలామంది అడుగుతారు. మదనపల్లె, పలమనేరు వైపు డిసెంబరులో చలి బాగానే ఉంటుంది గానీ తిరుపతిలో అంతగా ఉండదు. అయితే పెట్రోలు ఇంజిన్ నిలకడగా పనిచేసేటప్పుడు దాని కూలంట్ వేడి దాదాపు 90 డిగ్రీలు. మే నెల పొద్దున బయట 30 డిగ్రీలున్నా, రాత్రంతా ఆగి ఉన్న ఇంజిన్ ఆ లెక్కకు 60 డిగ్రీలు వెనకబడి ఉన్నట్టే. ఇంజినీర్లు కోల్డ్ అనేది ఈ స్థితినే. అందుకే ఎండాకాలంలో కూడా పొద్దుటి వణుకు ఉంటుంది.

ఆ చల్లటి స్థితిలో పెట్రోలు పూర్తిగా ఆవిరి కాదు. కొంత చుక్కలుగానే సిలిండరు గోడలకు అంటుకుంటుంది. ఆ లోటు పూడ్చడానికి కంప్యూటర్ మామూలు కంటే ఎక్కువ పెట్రోలు పోస్తుంది. బండి ఆగి ఉండగా ఇంజిన్ తిరిగే స్థితిని ఐడిల్ అంటారు, నిమిషానికి అది తిరిగే చుట్లు ఆర్‌పీఎం. వేడెక్కాక 700 నుంచి 850 దగ్గర ఉండాల్సిన ఐడిల్ ఆర్‌పీఎంను 1200 పైకి, కొన్ని బండ్లలో 1500 దాకా లేపుతుంది. లోపల ఆయిల్ ఆముదంలా చిక్కగా ఉంటుంది కాబట్టి పిస్టన్లు ఆడడానికి, వాటి ఆటను తిరుగుడుగా మార్చే క్రాంక్ తిరగడానికి అదనంగా బలం కావాలి. ఇంజిన్‌ను పట్టి ఉంచే మౌంటింగుల రబ్బరు కూడా వేడి మీద ఉన్నప్పటికంటే కాస్త బిర్రుగా ఉండి, అదురును ఎక్కువగా బాడీకి పంపిస్తుంది.

దీనికి తోడు ఇంకో పని కూడా నడుస్తుంది. సైలెన్సరు దారిలో ఉండే క్యాటలిటిక్ కన్వర్టర్ సుమారు 250, 300 డిగ్రీలకు చేరితే గానీ పొగలోని విషాన్ని శుభ్రం చేయలేదు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతా అమలైన బీఎస్ 6 కాలుష్య నిబంధనల్లో, స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలో వచ్చే పొగకు కూడా లెక్క ఉంటుంది. అందుకని కంప్యూటర్ స్పార్క్‌ను కావాలనే కొంచెం ఆలస్యంగా ఇస్తుంది. అలా చేస్తే మంట వేడి చక్రాన్ని తిప్పడానికి తక్కువగా, పొగగొట్టాన్ని వేడి చేయడానికి ఎక్కువగా పోతుంది. ఆలస్యంగా వెలిగే మంట ప్రతిసారీ ఒకేలా మండదు. ఆ హెచ్చుతగ్గులే మన చేతికి వణుకుగా తెలుస్తాయి. అంటే పొద్దుటి వణుకులో పెద్ద భాగం బండిని అలా నడవమని తయారీదారు రాసిపెట్టిన పద్ధతే.

కాబట్టి గమనించాల్సింది ఇది: ఆర్‌పీఎం ముల్లు మెట్లుమెట్లుగా కిందికి దిగేకొద్దీ వణుకు కూడా దిగుతోందా? ఒకటి రెండు నిమిషాల్లో చాలావరకు తగ్గి, నాలుగైదు కిలోమీటర్లు పోయాక గుర్తుకే రాకపోతే భయపడాల్సింది ఏమీ లేదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కూడా అదే స్థాయిలో వణుకుతుంటే అది వేరే కథ.

పొద్దున్నే పది నిమిషాలు ఐడిల్‌లో పెట్టి "వేడి చేసే" అలవాటు మాత్రం వద్దు. అర నిమిషం ఆగి, నెమ్మదిగా బయలుదేరితే ఇంజిన్ ఇంకా త్వరగా వేడెక్కుతుంది. ఐడిల్‌లో ఎక్కువసేపు ఉంచితే మండని పెట్రోలు ఆయిల్‌లో కలుస్తుంది, ఇంజిన్ కూడా ఆలస్యంగానే వేడెక్కుతుంది. గేర్‌బాక్స్ అయితే బండి కదిలితేనే సరిగా వేడెక్కుతుంది.

మూడు సిలిండర్ల లెక్క

ఇప్పుడు మన దగ్గర అమ్ముడవుతున్న చిన్న పెట్రోలు కార్లలో చాలావాటికి మూడు సిలిండర్లే. నాలుగు మీటర్ల లోపు పొడవు, 1200 సీసీ లోపు పెట్రోలు ఇంజిన్ ఉంటే పన్ను తక్కువ. ఆ పరిమితిలో మూడు సిలిండర్లయితే లోపలి రాపిడి, బరువు, ఖర్చు తగ్గి మైలేజీ పెరుగుతుంది. ఆ లాభానికి చెల్లించే వెల వణుకు.

ప్రతి సిలిండర్‌లో క్రాంక్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి మంట వెలుగుతుంది. నాలుగు సిలిండర్లలో ప్రతి 180 డిగ్రీలకు ఒక తోపు అందుతుంది. మూడింటిలో 240 డిగ్రీల దాకా ఆగాలి. ఐడిల్ 750 ఆర్‌పీఎం అనుకుంటే నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో సెకనుకు 25 తోపులు, మూడింటిలో 19 కంటే తక్కువ. తోపుల మధ్య ఎడం పెరిగేకొద్దీ వాటిని మింగేయడం మౌంటింగులకు కష్టం. సీటు, స్టీరింగ్, అద్దాలు ఆ తక్కువ వేగపు అదురుకే తేలిగ్గా ఊగుతాయి. ఇది చాలదన్నట్టు మూడు పిస్టన్ల వరస పైకీ కిందికీ ఆడేటప్పుడు ఇంజిన్ ఈ చివర లేస్తూ ఆ చివర దిగుతూ ఊగుతుంది. కొన్ని కంపెనీలు దాన్ని అణచడానికి బ్యాలెన్సర్ షాఫ్ట్ పెడతాయి, కొన్ని మౌంటింగుల మీదే భారం వేస్తాయి.

పాత నాలుగు సిలిండర్ల కారు అమ్మి కొత్తది తీసుకున్నవాళ్లకు ఇది ఎక్కువగా తగులుతుంది. పేరు అదే ఉన్నా లోపల మారిపోయి ఉండవచ్చు. మారుతీ స్విఫ్ట్ 2024లో వచ్చిన మోడల్‌తో నాలుగు సిలిండర్ల నుంచి మూడుకు మారింది. అంతకుముందు స్విఫ్ట్ నడిపి, అదే పేరుతో కొత్తది తీసుకున్న మనిషి తేడాను లోపం అనుకోవడంలో తప్పేమీ లేదు. కొనేటప్పుడే షోరూములో సిలిండర్లు ఎన్నని అడగాలి. టెస్ట్ డ్రైవ్‌కు ఇచ్చే బండి అప్పటికే వేడెక్కి ఉంటుంది కాబట్టి పొద్దున్నే మొదటి కస్టమరుగా వెళ్లి, మీ ముందే చల్లటి బండిని స్టార్ట్ చేయించుకోవడం మంచిది.

లోపాన్ని పట్టించే చిన్న పరీక్షలు

బండి వేడెక్కాక, చదునైన చోట ఆపి, బ్రేక్ గట్టిగా తొక్కి డీ (డ్రైవ్)లో ఒకసారి, ఎన్ (న్యూట్రల్)లో ఒకసారి వణుకు చూడండి. ఫలితం మీ గేర్‌బాక్స్ రకాన్ని బట్టి ఉంటుంది, ఆ రకాల సంగతి కింద చెబుతాను. టార్క్ కన్వర్టర్ ఉన్న బండ్లలో డీలో ఉన్నప్పుడు ఇంజిన్ ముందుకు తోస్తూనే ఉంటుంది, బ్రేక్ ఆపుతూ ఉంటుంది. ఆ భారానికి కొద్దిగా ఎక్కువ వణకడం సహజం. కానీ ఏఎంటీలో గానీ డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్స్‌లో గానీ బ్రేక్ తొక్కి ఆగి ఉన్నప్పుడు క్లచ్ విడివడి ఉండాలి. వాటిలో డీకీ ఎన్‌కీ గట్టి తేడా కనిపిస్తే క్లచ్ పూర్తిగా విడుస్తోందో లేదో చూపించుకోవాలి.

ఏసీ వేయగానే ఒక్కసారి తూలి, వెంటనే ఆర్‌పీఎం సర్దుకుంటే సరే. తూలుతూనే ఉంటే సరికాదు. ఆర్ (రివర్స్) నుంచి డీకి మార్చినప్పుడు కింద ధడ్ మని చప్పుడు వస్తే మౌంటింగ్ చూడాలి. కొత్త బండిలో మౌంటింగ్ అరిగిపోయి ఉండదు, బోల్టు సరిగా బిగించకపోవడమో, పొగగొట్టం బాడీకి తగులుతుండడమో అయ్యుండవచ్చు. పది నిమిషాలు లిఫ్ట్ మీదికి ఎక్కించి చూస్తే తెలిసిపోయే విషయమిది, అందుకే చూడకుండా "నార్మల్" అనే మాట నాకు కష్టంగా ఉంటుంది.

ఎన్‌లో పెట్టినా, ఏసీ ఆపినా, వేడెక్కినా తాళం తప్పినట్టు అప్పుడొకటి అప్పుడొకటి కుదుపు వస్తుంటే ఒక సిలిండర్‌లో మంట తప్పుతోందని అనుమానించాలి. ప్లగ్, ఇగ్నిషన్ కాయిల్, ఇంజెక్టర్ వరసగా చూస్తారు. ఇంజిన్ గుర్తు లైటు మిణుకు మిణుకుమంటుంటే మాత్రం ఇంకో కిలోమీటరు కూడా వద్దు, పక్కన ఆపేయండి. మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండితే అది లోపలే కరిగి పాడవుతుంది.

ఇంకొకటి. వణుకు ఇంజిన్‌దా, చక్రాలదా? ఆగి ఉన్నప్పుడు ఏమీ లేదు, నాయుడుపేట రోడ్డులో 80 దాటితేనే స్టీరింగ్ వణుకుతోంది అంటే అది ఇంజిన్ కాదు, వీల్ బ్యాలెన్సింగ్ సంగతి. స్టాక్‌యార్డులో నెలల తరబడి ఒకేచోట నిలబడిన బండి టైర్లు నేలకు ఆనిన చోట చదునుగా మారి ఉంటాయి. పొద్దున మొదటి కొన్ని కిలోమీటర్లు అదరడానికి అదీ ఒక కారణమే. సర్వీసులో దీన్ని "ఇంజిన్ వైబ్రేషన్" అని రాయిస్తే వాళ్లు ఇంజిన్ చుట్టూ తిరుగుతారు, టైర్లను ఎవరూ చూడరు.

ఒకే మాట కింద నాలుగు యంత్రాలు

బ్రోచర్‌లో "ఆటోమేటిక్" అని ఒకే మాట ఉంటుంది. లోపల ఉండేది మాత్రం నాలుగు వేరువేరు యంత్రాల్లో ఒకటి. కుదుపు సహజమా కాదా అన్నది మీ బండిలో ఉన్నది ఏదో తెలిస్తేనే చెప్పగలం.

మన జిల్లాల్లో ఎక్కువగా కనిపించేది ఏఎంటీ, అంటే ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్. మారుతీ దాన్ని ఏజీఎస్ అంటుంది. మన దేశంలో ఇది 2014లో సెలేరియోతో వచ్చింది. నిజానికి ఇది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. మన ఎడమ కాలు, ఎడమ చెయ్యి చేసే పని కంప్యూటర్, చిన్న యాక్చుయేటర్లు చేస్తాయి. గేరు మార్చాలంటే ఇంజిన్ బలం తగ్గించాలి, క్లచ్ విడిపించాలి, గేరు మార్చాలి, మళ్లీ క్లచ్ కలపాలి. ఆ కాసేపు చక్రాలకు బలం అందదు. బండి మందగించి, మళ్లీ తోసుకుపోతుంది. తల తూలేది అక్కడే. మాన్యువల్ నడిపేటప్పుడు గేరు మార్చేది మనమే కాబట్టి ఒళ్లు ముందే సిద్ధమై ఉంటుంది, ఇక్కడ ఎప్పుడు మారుతుందో తెలియదు. అందుకే అంతే కుదుపు రెట్టింపుగా అనిపిస్తుంది. గేరు మారబోతోందని వినిపించినప్పుడు యాక్సిలరేటర్ మీద కాలు కాస్త తేలిక చేస్తే కుదుపు చాలా తగ్గుతుంది. రెండు మూడు వారాల్లో కాలికి అదే అలవాటవుతుంది.

మైలేజీ కోసం ఏఎంటీ తొందరగా పై గేరుకు వెళ్లిపోతుంది. 35 వేగంలో నాలుగో గేరు పడి ఇంజిన్ ఈడ్చుకుంటూ అదిరితే అది గేర్‌బాక్స్ లోపం కాదు. మాన్యువల్ మోడ్‌లోకి మార్చి ఒక గేరు దించితే ఆ అదురు పోతుంది. అదే, బయలుదేరిన ప్రతిసారీ ఒకటో గేరులో బండి గడగడ వణకడం, గేరు పడక డిస్‌ప్లేలో ఎన్ మిణుకుమనడం, క్లచ్ కాలిన వాసన, గేరు కొరికిన చప్పుడు, ఇవి అలవాటు చేసుకోవాల్సినవి కావు.

డ్యుయల్ క్లచ్ గేర్‌బాక్స్‌లో, అంటే డీసీటీ, డీఎస్‌జీ, డీసీఏ లాంటి పేర్లతో వచ్చేవాటిలో, ఒక క్లచ్ బేసి గేర్లకు, ఇంకోటి సరి గేర్లకు ఉంటుంది. మీరు రెండులో ఉండగానే కంప్యూటర్ మూడును సిద్ధం చేసి పెడుతుంది. హైవే మీద ఇంత నున్నగా గేరు మార్చేది ఇంకోటి లేదు. లీలామహల్ సర్కిల్ దగ్గర ముందుకు పోవాలా ఆగాలా తెలియని ట్రాఫిక్‌లో మాత్రం దాని అంచనా తప్పుతుంది. మీరు స్పీడు పెంచుతారనుకుని రెండు సిద్ధం చేస్తే మీరు బ్రేక్ తొక్కుతారు. ఆ తికమకే కుదుపు. పైగా క్లచ్ ఆయిల్‌లో మునగకుండా పొడిగా ఉండే రకమైతే, అంగుళం అంగుళం జరిపేకొద్దీ వేడెక్కి పట్టు మారుతుంది. ముందు బండికి కాస్త ఎడం ఇచ్చి, కదిలితే పూర్తిగా కదిలి, ఆగితే పూర్తిగా ఆగడం దీనికి మందు.

టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్స్‌లో ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య ద్రవం ఉంటుంది కాబట్టి మెత్తగా మారాలి. ఇందులో గట్టి కుదుపు వస్తే ఏఎంటీలో వచ్చినదానికంటే ఎక్కువ అనుమానించాలి. ఒకటి మాత్రం మినహాయింపు. పొద్దున్నే ఇది గేర్లను ఆలస్యంగా, ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర మారుస్తుంది. ఇంజిన్‌నూ గేర్లనూ నేరుగా కలిపి ఉంచే లాకప్ క్లచ్ ఒకటి లోపల ఉంటుంది, ద్రవం వేడెక్కేదాకా దాన్ని కూడా కలపదు. ఇంజిన్, క్యాటలిటిక్ కన్వర్టర్ త్వరగా వేడెక్కాలనే ఆ ఏర్పాటు. ఇంజిన్ వణుకు, గేరు మొరటుతనం రెండూ కలిసి పొద్దున్నే రావడానికి ఇదే కారణం. రెండింటికీ ఒకే లోపం వెతకడం వల్ల చాలామంది దారి తప్పుతారు. వేడెక్కాక 50, 60 వేగంలో నిలకడగా పోతున్నప్పుడు కొన్ని సెకన్లు సన్నగా అదిరి ఆగిపోతుంటే లాకప్ క్లచ్ చూడమని చెప్పాలి.

నాలుగో రకం సీవీటీ. అందులో మెట్లలాంటి గేర్లే లేవు. ఇంజిన్ మోత ముందు, పికప్ వెనక రావడం దాని తీరు. కుదుపు దాని తీరు కాదు.

వెయ్యి కిలోమీటర్ల మాట

"తిరిగితే సర్దుకుంటుంది" అన్నదాంట్లో కొంత నిజముంది. గేర్‌బాక్స్ కంప్యూటర్ క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో, ఎంత ఒత్తిడికి గేరు మెత్తగా పడుతుందో నడిచేకొద్దీ నేర్చుకుంటుంది. కొత్త క్లచ్ ముఖం కూడా కొంత అరిగి కుదురుకోవాలి. అందుకని మొదటి కొన్ని వందల కిలోమీటర్లలో గేరు కుదుపు తగ్గితే ఆశ్చర్యం లేదు. కెమెరా, స్టీరియో బిగించడానికి బ్యాటరీ తీసినప్పుడు కొన్ని బండ్లలో ఈ నేర్చుకున్నది చెరిగిపోతుంది. యాక్సెసరీలు వేయించుకున్నాకే కుదుపు మొదలైందంటే ఆ మాట తప్పకుండా చెప్పండి. స్కానర్ పెట్టి మళ్లీ నేర్పించవచ్చు. కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ ఇచ్చిందేమో కూడా అప్పుడే చూస్తారు.

కానీ వదులైన బోల్టు తిరిగితే బిగుసుకోదు. తప్పుతున్న స్పార్క్ సర్దుకోదు. బ్యాలెన్సింగ్ లేని చక్రం వెయ్యి కిలోమీటర్ల తర్వాత కూడా అలాగే ఉంటుంది. ఏ ఫిర్యాదుకైనా అదే జవాబు చెప్పడాన్ని ఒప్పుకోకూడదు.

మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. చాలామంది కొత్త బండి మొదటి ప్రయాణం తిరుమలకే పెట్టుకుంటారు. నిండా మనుషులు, డిక్కీలో సామాన్లు, ఊళ్లో నుంచి అలిపిరికి చేరేసరికి ఇంజిన్ అప్పుడప్పుడే వేడెక్కి ఉంటుంది. చెక్‌పోస్ట్ క్యూలో అంగుళాల జరుపుడు, వెంటనే ఎక్కుడు. గేర్‌బాక్స్ ఇంకా ఏమీ నేర్చుకోని రోజున దానికి అత్యంత కష్టమైన పరీక్ష ఇది. మలుపు మధ్యలో గేరు మారి బండి మందగిస్తే కొత్తగా నడిపేవాళ్లకు గుండె జారుతుంది. ఘాట్ మీద డీలో వదిలేయకుండా మాన్యువల్ మోడ్‌లో రెండో గేరో మూడో గేరో పట్టి ఉంచితే ఆ తడబాటు ఉండదు. వాలు మీద ఆగినప్పుడు బండిని యాక్సిలరేటర్‌తో నిలబెట్టకండి, ఏఎంటీ, డీసీటీ క్లచ్‌లు కాలిపోయేది అలాగే. హ్యాండ్ బ్రేక్ వాడండి. దిగేటప్పుడు కూడా తక్కువ గేరులో ఉంచి ఇంజిన్ బ్రేకింగ్ తీసుకోండి, ఎన్‌లోకి ఎప్పుడూ వేయకండి. మొగిలి ఘాట్‌కైనా భాకరాపేట ఘాట్‌కైనా ఇదే పద్ధతి.

సర్వీస్ సెంటర్‌లో

పొద్దుటి వణుకుతో ఫిర్యాదు చేసేవాళ్లకు ఎదురయ్యే పెద్ద సమస్య, అది చూపించలేకపోవడం. పాకాల నుంచో పుత్తూరు నుంచో తిరుపతి సర్వీస్ సెంటర్‌కు వచ్చేసరికి ఇంజిన్ వేడెక్కి నున్నగా తిరుగుతుంటుంది. అడ్వైజర్ చెయ్యి పెట్టి చూసి "ఏమీ లేదు సార్" అంటే ఆయన చూసింది నిజమే, మీరు చెప్పిందీ నిజమే. అందుకే బండిని సాయంత్రం అప్పగించి రాత్రి అక్కడే ఉంచమనండి, మర్నాడు మొదటి స్టార్టింగ్ టెక్నీషియన్ చేతే, మీరుండగా చేయించండి. ఇంట్లో స్టార్ట్ చేసేటప్పుడు మీటర్, స్టీరింగ్ రెండూ కనిపించేలా వీడియో తీసి పెట్టుకోండి. అదే మోడల్, అదే ఇంజిన్, అదే గేర్‌బాక్స్ ఉన్న ఇంకో బండిని చల్లగా ఉన్నప్పుడు పక్కన స్టార్ట్ చేసి చూపమని అడగండి. రెండూ ఒకేలా ఉంటే మీ బండి తీరే అంత. తేడా ఉంటే ఇక "నార్మల్" అన్న మాట నిలవదు.

చిత్తూరు జిల్లావాళ్లు బెంగళూరులోనో చెన్నైలోనో కారు కొనడం మామూలే. వాదన ముదిరితే అక్కడికే పోయి కేసు వేయాలేమోనన్న భయం ఉంటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్న మనిషి తాను ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన ధర 50 లక్షల లోపైతే జిల్లా కమిషనే వింటుంది. వివాదం మొదలైన నాటి నుంచి రెండేళ్ల గడువు. అంతకుముందు 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. తయారీ లోపం అని కమిషన్ ముందు నిలబెట్టాలంటే నిపుణుల పరీక్ష, పాత జాబ్ కార్డులు కావాల్సి వస్తాయి. "జనరల్ చెకప్" అని రాసిన జాబ్ కార్డు దేనికీ పనికిరాదు. "రాత్రంతా ఆగాక స్టార్ట్ చేస్తే వణుకు, వేడెక్కినా తగ్గడం లేదు, డీలో ఎక్కువ" అని మీరు చెప్పిన మాటే అందులో రాయించండి, తేదీ, కిలోమీటర్లు సరిచూసుకుని, కాపీ చేతికొచ్చాకే తాళం ఇవ్వండి. ఏమీ దొరకలేదని తిప్పి పంపినా ఆ సంగతి కూడా కాగితం మీద రాసిమ్మని అడగండి.